మిట్టమధ్యాహ్నపు కొలత

గుంటూరులో నల్లపాడు వెళ్ళే రోడ్డు మీద మాకో బోరింగ్ షాపు ఉంది. అరిగిపోయిన ఇంజిన్ల సిలిండర్ గోడలను కాస్త కోసి, నునుపు చేసి, కొత్త పిస్టన్లకు సరిపోయేలా చేసిపెట్టే చోటు. ట్రాక్టర్లు, లారీలు, పత్తి మిల్లుల జనరేటర్లు, మిరప చేలకు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజిన్లు, అన్నీ ఏదో ఒకరోజు మా షెడ్డుకు రావలసిందే. మిషను మీద కోసేది మా ఆయన. కొయ్యడానికి వీలుందో లేదో, ఎంత కొయ్యాలో కొలిచేది నేను. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఏర్పాటు. అయినా వచ్చేవాళ్ళలో సగం మందికి ఈ సంగతి తెలియదు. నేను కొలిచి, సుద్దముక్కతో బ్లాకు మీద అంకె వేసి పక్కకు తప్పుకుంటే, మా ఆయన ఆ అంకె చూసి, గొంతు సవరించుకుని తీర్పు చెబుతాడు. వాళ్ళు ఆయనకు దణ్ణం పెట్టి పోతారు. అది చూసి నాకు ఒళ్ళు మండలేదంటే అబద్ధమే.

నాకీ కొలతల పిచ్చి పొగాకు దగ్గర అంటుకుంది. పెళ్ళికి ముందు ఒంగోలు దగ్గర మా ఊళ్ళో అమ్మతో పాటు గ్రేడింగుకు వెళ్ళేదాన్ని. ఆకును వేళ్ళ మధ్య పట్టుకుంటే చాలు, దళసరో పలుచనో చూడకుండానే చెప్పేదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన ఒకే సిలిండరుకు మూడుసార్లు మూడు అంకెలు చెబుతుంటే చూడలేక గేజి లాక్కున్నాను. బోరు గేజి అంటే తలమీద గడియారం బిళ్ళ ఉన్న పొడుగాటి కడ్డీ. దాన్ని సిలిండరులోకి దించి మెల్లగా ఊపితే, ముల్లు ఎక్కడ ఆగి వెనక్కి మళ్ళుతుందో అదే అసలు కొలత. వెంట్రుక మందంలో ఏడో వంతు తేడా ఉన్నా చెప్పేస్తుంది. ఆ రోజు నుంచీ గేజి నాది. ఇంట్లో బీరువాలో చీరల కింద దాచుకుంటాను. మా ఆయన కూడా అడక్కుండా ముట్టుకోడు.

పోయిన మే నెలలో ఒకరోజు, ఎండ మాడ్చేస్తున్న వేళ, చిలకలూరిపేట నుంచి ట్రాలీ ఆటోలో ఒక ఇంజిన్ బ్లాకు దిగింది. దాని వెనకే నెత్తిన తువ్వాలు వేసుకున్న బట్టతల మనిషి దిగారు. అక్కడి కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. చూడ్డానికి నెమ్మదిగా ఉన్నారు కానీ, ఏడాదికి రెండుసార్లు చెన్నై, కోయంబత్తూరు వెళ్ళి రేసు ట్రాకు మీద కారు తోలతారట. పాత టర్బో కారు కొని, ఎనిమిదేళ్ళుగా దాన్ని తనే విప్పుకుంటూ బిగించుకుంటూ వచ్చారు. ఇప్పుడది ఇంజిన్‌కొచ్చింది. నూనె తాగుతోంది, పొగ వదులుతోంది, మునుపటి లాగుడు లేదు.

"మేస్త్రీ గారూ, చెన్నైలో ఇదే మోడలు కారొకటి వెనక గుద్దించుకుని పడుందంట. దాని ఇంజినిస్తానంటున్నాడు. రేపు పదింటికల్లా చెప్పకపోతే ఇంకోళ్ళకి ఇచ్చేస్తాడు. నాకేమో దీన్ని వదలబుద్ధి కావట్లేదండీ. ప్రతి బోల్టూ నేను బిగించింది. వేరే ఇంజినేసుకుని గెలిచినా అది నా కారు కాదు," అన్నారు మా ఆయనతో.

అసలు ముడి ఎక్కడుందంటే, ఆ ఇంజిన్‌కు దొరికే పెద్ద పిస్టన్లు ఒకే ఒక్క సైజు. గోడలు ఆ సైజు దాటి అరిగి ఉంటే ఇక కొయ్యడానికేమీ ఉండదు. ట్రాక్టరుకైతే సిలిండరు లోపల కొత్త స్లీవు గొట్టం దిగ్గొట్టి బతికించేవాళ్ళం. ఈ బ్లాకు ఒళ్ళు అంత దెబ్బకు ఓర్చేది కాదు. పైగా అది అల్యూమినియం. అంతవరకూ నా చేతికి వచ్చినవన్నీ ఇనప బ్లాకులే. అయితే ఏం, సిలిండరు సిలిండరే అనుకున్నాను.

బీరువాలోంచి గేజి తెచ్చి కొలిచాను. మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి. నాలుగోది మాత్రం హద్దుకు మిల్లీమీటరులో వందో వంతు, గేజి మీద ఒక్క గీత, అవతల ఉంది. సుద్దతో అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాను. మా ఆయన చూశాడు.

"నాలుగోది దాటిపోయిందండీ. ఇంజిన్ మార్చుకోటమే," అన్నాడు.

లెక్చరరు గారు వంగి ఆ సున్నా మీద వేలు పెట్టి చూశారు. తరవాత, మొదటిసారి, నా వైపు తిరిగారు.

"ఇంకొక్కసారి చూడరా అమ్మా?"

నాకు చుర్రుమంది. ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ రెండోసారి కొలవమనలేదు.

"మా కొలత ఒక్కసారేనండి మాస్టారూ," అన్నాను.

ఆయన తువ్వాలు మళ్ళీ నెత్తిన వేసుకున్నారు. బ్లాకు కోసం మర్నాడు ఆటో పంపుతానని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు అయిదింటికి లేచాను. ముగ్గు కూడా వెయ్యకుండా షెడ్డులోకి వెళ్ళాను, గేజి పట్టుకుని. జాలి పడి వెళ్ళానని చెప్పుకోను. ఆయన ఇంకొక్కసారి అన్న మాట నన్ను తొలుస్తూనే ఉంది. నా కొలతే నిజమని నాకు నేను చూపించుకుందామని వెళ్ళాను. గేజి దించి ఊపాను. ముల్లు నిన్నటి చోటికి రాలేదు. రెండు గీతలు ఇవతలే ఆగింది. అంటే నాలుగో సిలిండరు హద్దు లోపలే ఉంది.

గేజి పాడయిందేమో అనుకున్నాను. పక్కనే ఉన్న ట్రాక్టరు బ్లాకులో దించి చూశాను. మొన్న పొద్దున వేసిన అంకె ఎంతో అంతే చూపించింది. గేజిలో దోషం లేదు. మళ్ళీ కారు బ్లాకు దగ్గరికి వచ్చి దాని మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. నిన్న మధ్యాహ్నం అదే చోట చెయ్యి వేస్తే కాలింది. అప్పుడు వెలిగింది. ఆ బ్లాకు చిలకలూరిపేట నుంచి గుంటూరు దాకా ఎండలో మాడుతూ వచ్చింది. ఆయన తొందర చూసి, దిగీ దిగగానే బీరువాలోని చల్లటి గేజితో కొలిచేశాను. ట్రాక్టరు బ్లాకులు మా షెడ్డు నీడలో ఒకటి రెండు రోజులు పడుంటే గానీ వాటి వంతు రాదు. పైగా ఇనుము వేడికి అంతగా ఉబ్బదు. అల్యూమినియం దానికి రెండింతలు ఉబ్బుతుంది. ఎండకు ఉబ్బిన సిలిండరును చూసి అరిగిపోయిందని చెప్పేశాను.

గేజిని అరగంట ఆ బ్లాకు పక్కనే పడుకోబెట్టి, రెండూ ఒకే చల్లదనానికి వచ్చాక మళ్ళీ కొలిచాను. నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఒకే అంకె.

మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి విన్నాడు.

"నిన్న దాటిందన్నాం, ఇయ్యాల దాటలేదంటాం. ఎవడు నమ్ముతాడే మనల్ని? రేపు ట్రాకు మీద స్పీడులో ఉండగా ఇంజిన్ పట్టేస్తే ఎవరిది పూచీ? పోనీలే, ఆ చెన్నైదే ఏసుకోనీ."

"తప్పుడు కొలత చెప్పి నోరు మూసుకుంటే మాత్రం పరువుంటదా? కొలిచింది నేను. ఫోను నేనే చేస్తా," అన్నాను.

అప్పటిదాకా షాపు తరఫున నేను ఎవరికీ ఫోను చెయ్యలేదు. మా ఆయనతో వాదన తెగేసరికి తొమ్మిది దాటింది. చెన్నై వాడికి ఆయన ఈపాటికే మాట ఇచ్చేశారేమోనని గబగబా నంబరు నొక్కాను.

"మాస్టారూ, నిన్న మీ బ్లాకు కొలిచింది నేనేనండి. తప్పు కొలిచాను," అని మొత్తం చెప్పాను.

అవతల పగలబడి నవ్వు.

"అమ్మా, వేడికి లోహాలు వ్యాకోచిస్తాయని ఇరవయ్యేళ్ళ నించి పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నానండీ! ఆ బ్లాకు దింపుతుంటే నా చెయ్యి కూడా కాలింది. నాకూ తట్టలేదు చూడండి!" అన్నారు. నవ్వు ఆగాక గొంతు మారింది. "ఇప్పుడేం చెయ్యమంటారు? మీరేం చెబితే అదే."

చెయ్యమని చెబితే అది నా మాట. ఇంజిన్ ఆగినా నడిచినా పూచీ నాదే. సుద్ద అంకె వెనక దాక్కోవడానికి లేదు.

"మార్చొద్దండి. దీన్నే చేద్దాం," అన్నాను.

పిస్టన్లు వచ్చాక నాలుగు రోజులు, రోజుకొక సిలిండరు చొప్పున, తెల్లవారుజామునే పని. మా ఆయన సణిగాడు గానీ, మిషను దగ్గర నిలబడ్డాక ఆయన చెయ్యి చూడాలి. నేను అంకె చెబితే ఆ అంకె దగ్గరే ఆపాడు. ఒక్క గీత అటు పోలేదు, ఇటు పోలేదు. ఆ విషయంలో మాత్రం ఆయనను ఎవరేమన్నా ఒప్పుకోను. ఇంజిన్ బిగింపు లెక్చరరు గారు తన ఇంట్లో తనే చేసుకున్నారు.

రేసు అయిన రోజు ట్రాకు దగ్గర నుంచే ఫోను చేశారు. గెలవలేదు. ఆరో స్థానం. "ఆఖరి రౌండు దాకా పొగన్నది లేదమ్మా! బండి ఎట్టా లాగిందనుకున్నారు!" అని అరుస్తున్నారు. వీధిలో పాలవాడితో సహా ఆ రోజు కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పాను. ఆరో స్థానం అంటే నవ్వినవాళ్ళకు ఇంకా గట్టిగా చెప్పాను. అంత గర్వం నాకు మా ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఈ మధ్య విజయవాడ నుంచి ఒక వర్క్‌షాపు అతను వ్యానులో అల్యూమినియం బ్లాకు వేసుకుని వచ్చాడు. నేను వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. నన్ను దాటుకుని నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"మేస్త్రీ గారూ, ఇది చెయ్యొచ్చో మార్చాలో కాస్త చూసి చెప్పండి. సాయంత్రానికి ఎళ్ళిపోవాల," అన్నాడు.

మా ఆయన మిషను మీద నుంచి తల ఎత్తలేదు.

"నేను కోస్తానంతే. కొలిచేదీ చెప్పేదీ మా ఆవిడ. బ్లాకు నీడన పెట్టి రేపు తెల్లారి అయిదింటికి రండి. ఎండలో ఆమె గేజి తియ్యదు."

అతను నా వైపు తిరిగి చూశాడు. కారం చేతులతో లేవలేక నేను అలాగే కూర్చున్నాను. అతను వ్యాను డ్రైవరును పిలిచి, ఆ పూటకు గుంటూరులోనే రూము చూడమని చెప్పాడు.