ఆవు దాటని కాలవ

విజయనగరం శివార్లలో మా కాలనీ అంతా ఒకప్పుడు వరి పొలం. నిరుడు వర్షాకాలం నాటికి ఒక్క మడి మిగిలింది, మా ఇంటి పక్కనే. దాన్ని సాగు చేసేది ఒక పెద్దావిడ. నేను అక్కని పిలిచినట్టు అప్పా అంటాను, ఆవిడ నన్ను పంతులమ్మా అంటుంది. నేను బడి నుంచి రిటైరై నాలుగేళ్లయినా ఆ పిలుపు పోలేదు, నా నోరూ తగ్గలేదు.

నిరుడు మొదటి వానలకే చెరువు నిండింది. ఆ తర్వాత మబ్బు మొహం చాటేసింది. నారు ఎదిగి ఉంది, మడిలో మాత్రం నెర్రెలు. చెరువు నీళ్లు మా వీధి పక్క కాలవలోంచే రావాలి. రావడం లేదు.

"ఈయేడు కూడా ఉబాలు అవకపోతే మడి పలాట్లకి ఇచ్చెస్తానన్నాడు నా కొడుకు," అంది అప్ప. "నాటెస్తే మరేటీ అనడు."

ఉబాలంటే మాకు వరినాట్లు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా వీధిలో ప్రతి గేటు ముందూ కాలవ మీద ఒక ర్యాంపు. దొరల కార్లు ఎక్కాలి కదా మరి. కింద బెత్తెడు గొట్టం వేసి చేతులు దులుపుకున్నారు. ఆ గొట్టం నిండా పాల ప్యాకెట్లు, పిల్లల డైపర్లు. కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగాను. మూలింటి కాంట్రాక్టరు కుర్చీలోంచి లేవకుండానే, "ఇంకా పొలాలేటి పంతులమ్మా, ఊరు పెరగద్దా?" అన్నాడు.

"అయితే రేపట్నుంచి కంకర వండుకు తిను," అన్నాను.

అయిదు రోజులు అరిచాను. సిగ్గు లేదా అని మొహం మీదే అడిగాను. నా నోటికి జడిసి ఒక్కొక్కరే మనిషిని పెట్టి గొట్టాలు శుభ్రం చేయించారు. ఆరో రోజు పొద్దున నీళ్లు కదిలాయి. వీధిలో చివరి ఇల్లు నాది. నీళ్లు నా గేటు దాకా వచ్చి, ఆగి, రోడ్డెక్కాయి.

అప్ప నా ర్యాంపు వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. గృహప్రవేశం నాడు ముందుగా ఆవుని లోపలికి నడిపించాలి కదా, ఆ ఆవు కాలవ మీద పరిచిన చెక్క మీద కాలు పెట్టనంది. ముహూర్తం మించిపోతోందని ఇటుక ముక్కలూ మట్టీ నేనే దగ్గరుండి కాలవలో పోయించాను. ఆవు నడిచింది, అందరం దణ్ణం పెట్టాం. తర్వాత తీయిద్దాంలే అనుకున్న ఆ మట్టి మీదే సిమెంటు కూడా పోయించాను. నా ర్యాంపు కింద బెత్తెడు గొట్టం కూడా లేదు.

"నీకు ముందే తెలుసా అప్పా?" అన్నాను.

"తెల్దేటి. నువ్వేమో అందర్నీ తిడతన్నావు. నీకెలా సెప్పేది?"

గునపం తెప్పించి మొదటి దెబ్బ నేనే వేశాను. సిమెంటు పగలగొట్టి, మట్టంతా తవ్వి తీసేసరికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. నీళ్లు మడిలోకి దూకాయి. గట్టు మీద నిలబడి, చూడు అప్పా అని గర్వంగా చెప్పాను. ఆవిడ నారుమడిలోంచి ఒక గుప్పెడు పీకి నా చేతిలో పెట్టింది. ఎండుగడ్డి.

"నీల్లొచ్చాయి. నారేది తల్లీ?"

నెల తిరక్కుండా ఆ మడిలో ప్లాట్ల రాళ్లు పాతారు. అప్ప కొడుకుని తిడదామనుకున్నాను, నోరు రాలేదు. ర్యాంపు మళ్లీ కట్టించలేదు. మా కాలవ ఇప్పుడు నిక్షేపంగా పారుతోంది, ఆ రాళ్ల మధ్యకి.