కోతలు కోయని లాయరు కోసం

కోతలు కోయడంలో మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరు. నాలుగు చినుకులు పడితే చాలు, గోనెగండ్లలో ఎద్దులబండి గాలికి లేచిపోయిందని నమ్మించగలను. ఆ గుణం మా తమ్ముడి కేసులో ఒకసారి పనికొచ్చింది, ఇంకోసారి వాణ్ణి ముంచబోయింది.

తమ్ముడు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి షేర్ ఆటో నడుపుతాడు. మా వైపు ఆటోల్లో మూటలు కూడా ఒంటరిగా ప్రయాణం చేస్తాయి. పంపేవాళ్లు మూట మెడకు ఒక పేలిక కట్టి, దాని రంగు అవతలివాళ్లకు ఫోనులో చెబుతారు. స్టాండులో ఆ రంగు చెప్పినవాళ్లదే మూట. లోపల ఏముందని అడగడం మర్యాద కాదు. ఆ మర్యాదే వాడి కొంప ముంచింది. పోలీసులు ఆటో ఆపి ఒక మూట విప్పితే, పైన పల్లీలు, కింద గంజాయి. తమ్ముణ్ణి రిమాండుకు పంపారు.

ఆదోని కోర్టు ఎదురుగా టీ బంకు దగ్గర మొదటి లాయరు దొరికాడు.

"నువ్వు నిమ్మళంగా ఇంటికి పోక్కా. మూడు దినాల్లో నీ తమ్ముణ్ణి వాకిట్లో దింపుతా" అన్నాడు.

ఎంత దొరికిందని అడగలేదు. మూట ఎవరిదని అడగలేదు. నా కోతలదీ ఇదే తీరు, వివరం తక్కువ, ధైర్యం ఎక్కువ. కోతల్లో మన కులపాయనే ఎదురైనట్టు అనిపించి, దండం పెట్టి లేచాను.

రెండో లాయరు ఒక బట్టల కొట్టు మిద్దె మీద కూర్చునే ఆమె. నాకంటే చిన్నది. పలకరింపు కూడా లేకుండా కేసు కాగితాలు అడిగి, చివరిదాకా చదివింది.

"ఈ కేసుల్లో తూకమే ముఖ్యమక్కా. కిలో లోపల ఒగ తీరు. ఇరవై కిలోలు దాటితే బెయిలు శానా కష్టం. ఇది నాలుగు కిలోలు, నడిమిది. బెయిలు అడుగుదాం. వస్తాదని మాత్రం నేను సెప్పను. ఆటోలో దొరికింది గాబట్టి తెలిసే పెట్టుకున్నాడంటారు. తెలీదని మనమే సూపించాల."

ఇక నా నోరు ఆగలేదు. "నేను కండ్లారా సూసినానమ్మా! నల్ల హెల్మెట్టోడు మోటరు సైకిల్లో వచ్చి, పోతాండే ఆటోలోకి మూట ఇసిరేసినాడు!"

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఆ పొద్దు నువ్వు యాడుండావ్?"

"ఆటోలోనే."

"ప్యాసింజర్ల పేర్లు ఈడ రాసినారు. అందరూ మొగోళ్లే. నువ్వు టాపు మీద కూసున్యావా?"

నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

"ఈ కత కోర్టులో సెప్పినావంటే ప్రభుత్వ వకీలు రెండు ప్రశ్నల్లో సింపేస్తాడు. నీ తమ్ముడు సెప్పే నిజం గూడా దాంతోనే పోతాది. జరిగింది సెప్పక్కా."

అప్పుడు పేలికల సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే చప్పగా ఉంది. ఆమె మాత్రం కాగితాలు గబగబా తిరగేసింది.

"మూటకు పచ్చ పేలిక ఉండాదని పంచనామాలో రాసినారు. ఎందుకు కట్టినారని మాత్రం ఎవురూ అడగలే! ఇట్ల మూటలు పంపేటోళ్లు వచ్చి సెప్తారా?"

పోలీసు కేసంటే ఎవరొస్తారు? నాలుగు రోజులు స్టాండు చుట్టూ తిరిగాను. కూతురి హాస్టలుకు కారప్పొడి పంపే హాలహర్వి ఊరామె ఒప్పుకుంది. గాజుల వ్యాపారి మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"కోర్టంటే నాకు భయమే అక్కా. అయినా ఇన్నేండ్లలో మీవోడు నాది ఒగ గాజు గూడా పగలగొట్టలే. పద, సంతకం పెడ్తా."

లాయరమ్మ వాళ్లు చెప్పింది కాగితాల మీద రాసి, సంతకాలు పెట్టించి బెయిలు పిటిషనుకు జతచేసింది. బెయిలు వచ్చింది.

"కేసు గెల్సినట్ల గాదు, ఇంకా నడుస్తాది" అని ఆమె అప్పుడే హెచ్చరించింది. గెలుస్తామని ఇప్పటికీ చెప్పదు. అందుకే ఆమె మీద నాకు అంత నమ్మకం.

సబ్ జైలు గేటు దగ్గర తమ్ముడు నన్ను చూడగానే అడిగాడు. "లాయరుకు ఏం సెప్పినావక్కా?"

"జరిగిందే."

"నువ్వా?"

వాడు నా పక్కనే నిలబడ్డ లాయరమ్మ వైపు తిరిగాడు. ఆమె అవునన్నట్టు తలూపింది. నా నలభై ఐదేళ్లలో నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే.