మూడో కంప్యూటరులో లేని లైను

ఎనభైల చివర్లో నూజివీడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మా కంప్యూటర్ల ఇన్‌చార్జి గారు ఫ్లాపీని కూడా కాయలా అటూ ఇటూ తిప్పి చూసేవారు. కొత్త ప్రోగ్రాము వస్తే ఐదు కంప్యూటర్లలోనూ ప్రతి ఆదేశాన్నీ స్వయంగా టైపు చేసి ఎక్కించేవారు. ఆ ఆదేశాలన్నీ వాటంతటవే నడిచి అన్నిటిలోనూ ఒకేలా ఎక్కించే బ్యాచ్ ఫైలు నేను రాసిచ్చాను.

"కాయ కాయా చేత్తో పట్టి చూడందే గుజ్జు తీస్తామా అండీ? ఇదీ అంతే," అని పక్కన పెట్టేశారు.

ఆ వేసవిలో మూడో కంప్యూటరు డబ్బాల లేబుళ్లపై తప్పు తేదీలు ముద్రించింది. సరుకు వెనక్కి వచ్చింది. ఆ కంప్యూటరుపై పనిచేసే ఆగిరిపల్లి అమ్మాయిని తీసేశారు. నేను ఐదింటిలోని ఫైళ్లనూ అచ్చు తీసి పోల్చాను. మూడోదానిలో తేదీకి సంబంధించిన లైను ఆయన టైపు చేయనేలేదు. ఆ కాగితాలు ఆయన ముందు పెట్టాను.

"ఆ పిల్లని తీసేసిన రోజు పొద్దున్నే ఈ తప్పు చూశానండీ," అన్నారు. "తనకి ఇంకోచోట దొరుకుద్ది. ఈ వయసులో నాకెవరిస్తారు పని?"

కాగితాలు తీసుకుని నేరుగా మేనేజరు గదికి వెళ్లాను. లైను మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఆమె ఏడుస్తూ క్యారేజీ సర్దుకుంటుంటే, తెలిసీ తలవంచుకుని కూర్చున్నందుకు ఆయన్ని నేటికీ క్షమించలేదు.