రేకుడబ్బాలో మిగిలిన తూటాలు

తుపాకులు బాగుచేస్తూనే జుట్టు నెరిసిన మేస్త్రీ ముందు బావమరిది ఓ రేకుడబ్బా పెట్టాడు. అందులో ఉన్నవి కాలం చేసిన మామగారి తూటాలు, అడుగు అంచు మీద కొడితే పేలే చిన్నరకం.

"నా కొత్త తుపాకీలో చక్కగా పడుతున్నాయి బావా. కాల్చెయ్యనా?"

"నా చెప్పుల్లో నీ కాళ్లు దూరతాయి. అంతమాత్రాన అవి నీవైపోతాయా? ఈ పాతమందు ఉప్పులాంటి మసి వదులుతుంది. కడక్కపోతే నీ గొట్టం తుప్పుపట్టి చస్తుంది."

మామగారు కాల్చిన ప్రతిసారీ మరిగే నీళ్లతో గొట్టం కడిగేవారు. నీళ్లు కాచే పని కూతురిది. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్లిన మేస్త్రీకి ఆమె మొదట కనిపించింది ఆ కెటిలుతోనే. కొత్తరకం తూటాలొచ్చాక కెటిలు అటకెక్కింది.

మేస్త్రీకి మనసాగలేదు. మామగారి తుపాకీ దించి, పెరట్లో ఇసుకబస్తాలకు గురిపెట్టాడు. మొదటి తూటా పేలలేదు. తర్వాతది పేలింది. ఆ పాత ఘాటువాసన ఇల్లంతా కమ్ముకుంది.

అతను తీరిగ్గా గొట్టం విప్పి తలెత్తేసరికి, గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చేతిలో పొగలు కక్కుతున్న కెటిలు.

"మీరా?" అంది. "నాన్న కేకేస్తాడని నీళ్లు పెట్టేశాను."