రొమ్ము క్యాన్సర్, అర డజను గాజులు

ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ మీద నిలబెట్టి, "నీలాంటివాడు చాలా అరుదురా" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. ఆ ఏడే బడి మానేశాను. ముప్పై ఏళ్ళు దాటాక ఒక డాక్టరమ్మ నా రిపోర్టు చూసి మళ్ళీ అదే మాట అంది. ఈసారి అది మెచ్చుకోలు కాదని వెంటనే అర్థమైంది. నాకు వచ్చింది రొమ్ము క్యాన్సర్. నేను మగవాణ్ణి.

పేరు శ్రీనివాసులు. రాయచూరు బజారులో గాజుల కొట్టు. ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోగానే సైజు చెప్పగలను. వాళ్ళ కష్టసుఖాలూ ఆ చేతిలోంచే తెలుస్తాయి. నాకు తెలియనిది నా ఒంటి సంగతి ఒక్కటే.

మొదట చూసింది మా ఆవిడ సుజాత. బట్టలు ఉతుకుతూ నా బనియన్ ఎత్తి పట్టుకుంది. ఎడమ వైపు రూపాయి బిళ్ళంత గోధుమరంగు మరక.

"ఏందిది?" అంది.

"పాన్ అయుంటది."

"పాన్ నోట్ల తింటవా, రొమ్ముల తింటవా?"

అప్పుడు చెయ్యి పెట్టి చూసుకున్నాను. చనుమొన కింద శనగగింజంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పర్వాలేదనుకున్నాను. నొప్పి ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది, పరిగెత్తేవాణ్ణి.

మొదటి డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. నేను చొక్కా గుండీలు విప్పేలోపే చీటీ రాసేశాడు. "మగోనికి అక్కడ ఏమైతదయ్యా, కొవ్వు గడ్డ" అని ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. రెండు నెలలు పూశాను. మరక పెద్దదైంది, చనుమొన లోపలికి గుంజుకుపోయింది. మళ్ళీ వెళితే అదే ఆయింట్‌మెంట్, ఈసారి పెద్ద ట్యూబు. ఆ రెండు నెలలను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన్నీ, నన్నూ.

సుజాత నన్ను ఇంకో ఆసుపత్రికి లాక్కుపోయింది. అక్కడి సర్జన్ చిన్న వయసు డాక్టరమ్మ. నేను ఏదో జోకు వెయ్యబోతే విననే లేదు. గడ్డ పట్టి చూసింది, చంకలో వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికింది. "హెదరబేడి, ఆదరె తడ మాడబేడి" అంది కన్నడంలో. భయపడొద్దు, కానీ ఆలస్యం చెయ్యొద్దు. మామోగ్రామ్, ఆ తర్వాత బయాప్సీ రాసింది.

స్కానింగ్ సెంటరులో నా చీటీ చూసిన అమ్మాయి, "పేషెంటును పిలవండి" అంది.

"నేనే పేషెంటును తల్లీ."

"మిసెస్ శ్రీనివాసులు ఎక్కడ?"

"మిసెస్ ఈమె. మంచిగనే ఉంది. చెడిపోయింది నేను."

కంప్యూటరులో ఆఖరి నెలసరి ఎప్పుడని ఒక గడి ఉందట. అది నింపకపోతే ముందుకు పోదట. "నా పెళ్ళి తారీఖు రాసుకో. నేను ప్రశాంతంగా ఉన్న ఆఖరి రోజు అదే" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. లోపల కూర్చున్న ఆడవాళ్ళు, మగవాణ్ణి ఇక్కడికి ఎందుకు రానిచ్చారని గొడవ పెట్టుకున్నారు. వాళ్ళది తప్పు కాదు, తలుపు మీదే రాసుంది ఆడవాళ్ళకు మాత్రమేనని. అందరూ వెళ్ళేదాకా గంటన్నర బయట నిలబడ్డాను. చివరికి మిషన్ ముందు నిలబడితే కరెంటు పోయింది. జిల్లాలో పవర్ ప్లాంటుకు అంత పెద్ద పొగగొట్టాలు పెట్టుకుని, చొక్కా లేకుండా చీకటి గదిలో జనరేటరు కోసం ఎదురుచూశాను.

బయాప్సీలో ఇన్‌ఫిల్ట్రేటింగ్ డక్టల్ కార్సినోమా అని వచ్చింది. "మగవాళ్ళలో చాలా అరుదు. కానీ ట్రీట్‌మెంట్ అదే" అంది డాక్టరమ్మ. పెద్దాసుపత్రికి హైదరాబాద్ పొమ్మంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. బజారులో అందరికీ ఊపిరితిత్తుల్లో గడ్డ అని చెప్పాను.

ఎందుకంటే అసలు పేరు చెబితే ఏయే జోకులు పుడతాయో నాకు తెలుసు. వేరే ఎవడికైనా వచ్చుంటే వాటిని పుట్టించేవాణ్ణి నేనే. నా నోరు అలాంటిది. ఒక సంగతి చెప్తాను. అంతకు మూడేళ్ళ కిందట పవర్ ప్లాంటు క్వార్టర్స్ నుంచి ఒకావిడ వచ్చేది. ఎప్పుడూ ఆరు గాజులే కొనేది. కుడి చెయ్యి ఒక్కటే చాపేది, ఎడమ చెయ్యి కొంగులోనే ఉండేది. ఒకరోజు కొట్టు నిండా ఆడవాళ్ళున్నారు. నేనూరుకోలేదు. "ఇంకో చెయ్యి ఎవరికి రాసిచ్చిన్రక్కా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ మెట్లు దిగుతుంటే, "అర డజన్ అక్కకు దారియ్యండి" అని కూడా అన్నాను. ఆవిడ వెనక్కి చూడలేదు. మళ్ళీ కొట్టుకు రాలేదు.

నేను చెప్పిన అబద్ధానికి బజారంతా సాయం చేసింది. పాపం, మంచివాళ్ళే. ఒకరు ఊపిరితిత్తుల డాక్టరు పేరిచ్చారు. ఒకరు మస్కి దగ్గర ఆయాసానికి మందిచ్చే మనిషి ఉన్నాడన్నారు. పక్క కొట్టు మహబూబ్ భాయ్ నా ముందు బీడీ తాగడం మానేశాడు. "తేరే వాస్తే ఛోడ్ దియా మియా" అన్నాడు, నా కోసమే మానేశానని. అతనికి మేలు జరిగింది. నాకు పనికొచ్చే ఒక్క మాటా రాలేదు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ఎమ్మారెమ్ అంటారు. ఎడమ రొమ్ము మొత్తం, చంకలోని గడ్డలతో సహా తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ అచ్చు కాగితం చదివింది. "ఎడమ చేతికి బీపీ చూడనియ్యొద్దు. సూది వెయ్యనియ్యొద్దు. బరువులు ఎత్తొద్దు. బిగుతు జాకెట్టు వద్దు. చెయ్యి వాచే ప్రమాదం ఉంది, ఆ చేతికి గాజులు వెయ్యొద్దు." చదివాక నన్ను చూసి, "ఇది అందరికీ ఒకటే కాగితమండి, ఏమనుకోకండి" అంది.

నేను జాకెట్టు దగ్గర నవ్వడానికి సిద్ధమయ్యాను. గాజుల దగ్గర నవ్వు ఆగిపోయింది. కుడి చెయ్యి ఒక్కటే. ఆరు గాజులే. సుజాత నా మొహం చూసి నొప్పి అనుకుని నర్సమ్మను మళ్ళీ పిలిచింది. ఆ రాత్రే ఆరు గాజుల ఆవిడ సంగతంతా ఆమెకు చెప్పాను.

ఊరికొచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. డ్రెయిన్ గొట్టం తీసేశాక కుట్ల కింద నీరు చేరింది. సెరోమా అంటారు. సూదితో తీస్తే ఐదు నిమిషాల పని. రాయచూరులో మూడు చోట్ల అడిగాను. "ఎవరు కోసిన్రో వాళ్ళ దగ్గరికే పో" అన్నారు మూడు చోట్లా. ఐదు నిమిషాల పనికి రెండుసార్లు హైదరాబాద్ పోయొచ్చాను, కుదుపుకొకసారి చంక పట్టుకుంటూ. మొదటి కీమో అయిన పదోరోజు జ్వరం వచ్చింది. ఇక్కడొక చోట చేరితే మాత్ర ఇచ్చి పడుకోబెట్టారు. రక్తపరీక్ష చెయ్యండని సుజాత మొత్తుకుంటే, "ఈ కేసులు మాకు తెల్వదమ్మా" అన్నారు. తెలియదని చెప్పినందుకు కోపం లేదు. తెలిసినవాళ్ళకు ఫోన్ చెయ్యనందుకు ఉంది.

జ్వరం దానంతట అదే తగ్గింది. నేను మాత్రం నిర్ణయించేసుకున్నాను. "రెండో కీమోకు పోను" అన్నాను. జుట్టు పోయింది, అన్నం ఇనుములా ఉంది, ఏమన్నా అయితే చూసే దిక్కు ఊళ్ళో లేదు. హైదరాబాద్ డాక్టరు ముందే చెప్పాడు, "మధ్యలో ఆపితే సగం పని చేసినట్టు. మిగిలిన సగం పని జబ్బు పూర్తి చేసుకుంటుంది" అని. అయినా పోనన్నాను.

సుజాత రెండు రోజులు ఎవరెవరినో అడుగుతూ తిరిగింది. మూడోరోజు చీర మార్చుకుని వచ్చింది.

"నడువు, ఆ అర డజన్ అక్క దగ్గరికి పోదం. క్వార్టర్స్ నంబర్ కనుక్కున్న."

"ఏం మొహం పెట్టుకొని పోవాలె?"

"కొత్తది యాడ తెస్తవ్? ఉన్నదే పెట్టుకొని నడువు."

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. పుట్టింది జవళగేర కాలువ కింద, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చిన రైతుల ఇంట్లో. భర్త ప్లాంటులో ఉద్యోగి. తలుపు తీసి, నా బోడి గుండు చూసింది.

"గాజుల కొట్టాయనా? ఊపిరితిత్తులు బాగోలేవని విన్నానండీ."

"ఊపిరితిత్తులు మంచిగనే ఉన్నయక్కా" అన్నాను. చెప్పులు విడుస్తూ మిగతాది చెప్పాను. "రొమ్ము."

ఇంటివాళ్ళకూ డాక్టర్లకూ కాక బయటి మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆవిడ నవ్వలేదు.

"ఏ వైపు?"

"ఎడమ."

"నాదీ ఎడమేనండీ." కొంగు తీసింది. ఎడమ చేతికి మణికట్టు నుంచి భుజం దాకా బిగుతైన తొడుగు. దాని కింద చెయ్యి వాచి ఉంది.

"అక్కా, ఆనాడు నేనన్న మాట..."

"దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు కీమో ఎప్పుడో చెప్పండి."

"పోనంటున్నడక్కా" అంది సుజాత. అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది.

రాజ్యలక్ష్మి గారు ఆమెకు నీళ్ళిచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "నేనూ రెండో కీమోకి వెళ్ళనని తలుపేసుక్కూర్చున్నానండీ. మిమ్మల్ని బతిమాలను. ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్తాను, వెళ్ళాక మానాలనిపిస్తే మానండి. బోర్డు ఎంత పెద్దదో చూడకండి. చెయ్యి పెట్టి చూస్తాడా, తెలియకపోతే ఇంకొకర్ని అడుగుతాడా, జ్వరమొస్తే ఫోనెత్తుతాడా, అంతే చూడండి."

ఆవిడ పంపిన డాక్టరు క్లినిక్కు మా కొట్టుకు నాలుగు సందుల అవతలే ఉంది. బయట బెంచీకి ఒక కాలు లేదు, ఇటుకలు పెట్టారు. ఎన్నోసార్లు దాని ముందునుంచే పోయాను. ఆయన మా ముందే హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేశాడు. ప్రతి కీమో తర్వాత పదోరోజు రక్తపరీక్ష అన్నాడు. "వంద దాటి జ్వరమొస్తే ఇంట్ల కూసొని ఆలోచన చెయ్యకు, సీదా ఇక్కడికి రా" అన్నాడు. నీరు మళ్ళీ చేరితే తనే సూదితో తీశాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నాకు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. హైదరాబాద్ దారిలో తిన్న ఒక్కో కుదుపూ గుర్తొచ్చింది.

రాజ్యలక్ష్మి గారికి తెలిసిన రిటైర్డ్ సిస్టరమ్మ ఒకరు నా చేతికి వ్యాయామం నేర్పారు. రోజూ గోడ మీద వేళ్ళతో పైకి పాకించాలి. "నొప్పి ఉంటది. చెయ్, తర్వాత తిట్టు" అనేవారు. రెండూ చేశాను.

రెండో కీమోకు పోయాను. మూడోదానికి తెల్లకణాలు పడిపోయి వారం వాయిదా పడింది. ఐదోదాని తర్వాత జ్వరమొస్తే బెంచీ ఇటుకల డాక్టరు అప్పటికప్పుడు చేర్చుకుని సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించాడు. ఆరూ అయ్యాయి, రేడియేషన్ అయింది.

మధ్యలో రాజ్యలక్ష్మి గారు ఒకరోజు అన్నారు, "ఊపిరితిత్తులని చెప్పినన్నాళ్ళూ మీకు ఊపిరితిత్తుల సలహాలే వస్తాయండీ." ఆ వారమే కొట్టులో అందరి ముందూ అసలు పేరు చెప్పేశాను. జోకులు వచ్చాయి. నేను ఊహించినంత బాగా లేవు, చెప్పడం చేతకాదు వాళ్ళకు. మహబూబ్ భాయ్ ఒక్కడే అలిగాడు, అనవసరంగా బీడీ మానిపించానని. ఆ నెలలోనే ఇడపనూరు నుంచి గాజులకు వచ్చిన ఒకావిడ భర్తను లోపలికి తోసింది. అతను చొక్కా ఎత్తి, "అన్నా, ఇది చూడు" అన్నాడు. బెంచీ ఇటుకల డాక్టరు దగ్గరికి నేనే వెంటపెట్టుకు పోయాను. బయాప్సీలో ఉత్త కొవ్వు గడ్డే అని తేలింది. నా జోకుల్లో దేనికీ ఆ మనిషి నవ్వినంత గట్టిగా ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజుకొక టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఉన్నట్టుండి ఒళ్ళంతా వేడెక్కి చెమట పడుతుంది. యాభై దాటిన మా కస్టమర్లు ఫ్యాన్ నా వైపు తిప్పి, "మాకూ గిట్లనే అయితది శీనన్నా" అని సలహాలిస్తారు. పరీక్షకు పోయిన ప్రతిసారీ భయం ఉంటుంది. ఆసుపత్రి కంప్యూటరు నన్ను ఇంకా మిసెస్ అనే అంటుంది. మూడుసార్లు దిద్దించాను, నాలుగోసారి వదిలేశాను. కొట్టులో అర డజన్, విడి గాజులు వేరే డబ్బాలో పెట్టాను. ఆరే ఎందుకని ఎవరినీ అడగను.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. జబ్బుకు దాని అసలు పేరే పెట్టి మీ ఊళ్ళో చెప్పండి. దాన్ని దాటి వచ్చిన మనిషి నాలుగు సందుల అవతలే ఉండొచ్చు. డాక్టరు ఎవరని ముందు ఆ మనిషిని అడగండి.

పోయిన నెల రాజ్యలక్ష్మి గారు ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కొట్టు మెట్లెక్కారు. కొట్టు నిండా ఆడవాళ్ళే. ఆమె కుడి చెయ్యి చాపారు, ఎడమ చెయ్యి కొంగు బయటే ఉంది. ఆరు గాజులు తొడిగాను. ఆనాటి మాటకు అందరూ వినేలా తప్పు ఒప్పుకున్నాను. ఆమె చెయ్యి వెలుగులోకి తిప్పి గాజులు చూసుకున్నారు. నేను మళ్ళీ ఊరుకోలేదు. "డాక్టర్లు అంత కోసిన్రు గాని, నా నోటికి మాత్రం ఏం కాలేదు చూడండక్కా" అన్నాను.

ఆమె గాజులు సర్దుకుంటూ, "అదే కదండీ నా బాధ. కోయాల్సినదాన్ని వదిలేసి పక్కనున్నది కోశారు" అన్నారు.