తోడు పెట్టిన ట్యాంకు

మాది పలాస దగ్గర పల్లె. ఐదో తరగతే చదివినా ఇరవయ్యో ఎక్కం వెనక నుంచి కూడా చెప్పేవాణ్ణి. కలకత్తా కార్పొరేషన్లో ముప్పైయొక్క ఏళ్లు కాలువలు బాగుచేశాను. డెబ్బైయెనిమిది వరదలో పీకల్లోతు నీళ్లలో దిగి మ్యాన్‌హోలు మూత లేపింది నేనే. అంతటి నాకూ తప్పు చూపించిన మనిషి ఒకతె ఉంది, మా ఇంటిది అప్పలకొండమ్మ.

రిటైరయ్యాక సాల్ట్ లేక్‌లో ఒక నాలుగంతస్తుల భవనానికి కాపలాకు కుదిరాం. అక్కడ స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు వెనకున్న ట్యాంకులో శుభ్రమై తోటకు వచ్చేవి. దాన్ని పెట్టిన ఇంజినీరు వివరిస్తుంటే, నాకు తెలియని మురుగా అని సగమే విన్నాను. ఆ నీళ్లతోనే అప్పలకొండమ్మ వంగ, బెండ, బంతి పెంచింది. కుళాయి నీళ్లు తోటకు పోయనివ్వరు.

రెండో నెలకు ట్యాంకు కంపెత్తింది. భవనం సెక్రటరీ శ్యామసుందర్ బాబు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని వచ్చాడు. నన్ను 'గురుదా', అంటే గురు అన్నా, అని పిలిచేవాడు.

"గురుదా, మహాలయ దాకా చూస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే మట్టితో పూడ్పించేస్తా."

మహాలయ అమావాస్యకు ఇంకా ఇరవై రోజులుంది. రోజూ వేసే బ్లీచింగు పౌడరు రెట్టింపు చేశాను. కంపున్న చోటల్లా అది చల్లడమే కదా మా విద్య! కంపు ఇంకా పెరిగింది. నాలుగో రోజు అప్పలకొండమ్మ నా చేతిలో డబ్బా చూసింది.

"ఏటయ్యా అది?"

"బ్లీచింగు. ఒక్క పురుగు బతకదు."

"మురికిని తినీది ఆ పురుగులేనని ఇంజినీరు బాబు సెప్పనేదా? పాలల్లో తోడేసి, మీద సున్నం పోత్తే పెరుగవుతాదేటి?"

"నా ముప్పయ్యేళ్ల సర్వీసు..."

"అది రోడ్డు కాలవల కాడ సూపించు!"

డబ్బా పెట్టెలో పెట్టి తాళం వేసింది. నాలుగు వీధుల అవతల, అలాంటి ట్యాంకే ఉన్న ఇంట్లో పనిచేసే అప్పమ్మ దగ్గరికి వెళ్లి, దాని అడుగు మడ్డి బకెట్టుతో ఆటోలో తెచ్చింది. "చేపలా మాసీ?" అని ఆటోవాడు పిన్నమ్మ వరసతో అడిగితే, "కాదు నాయినా, తోడు" అందట. ఆ మడ్డి మా ట్యాంకులో పోసి, రోజూ పొద్దున్నే వంగి వాసన చూసేది.

మహాలయ ఉదయం సెక్రటరీ వచ్చాడు. రుమాలు తీశాడు. మళ్లీ పీల్చి చూశాడు. తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు.

"ఏం మందు వేశావు గురుదా?"

"మందు మానిపించింది బాబూ" అని ఆమెను చూపించాను.

ఆయన నవ్వి, వేయించుకోడానికి నాలుగు వంకాయలు అడిగి పట్టుకెళ్లాడు. పెట్టె తాళంచెవి మాత్రం ఇప్పటికీ ఆమె కొంగునే ఉంది.