పదమూడు బొమ్మలు దొరికాయి

మొన్న ఆదివారం మా మనవరాలు బడికి పట్టుకెళ్ళడానికని బంకమట్టితో ఒక బొమ్మ చేసుకొచ్చింది. పూర్వకాలపు ఈజిప్టులో రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పిండి నూరుకుంటున్న ఆడమనిషి అది. పిల్ల బాగానే చేసింది. అడుగున తన పేరు గుండ్రని అక్షరాలతో గీసిపెట్టమని బొమ్మనూ, ఒక సూదినీ నా చేతిలో పెట్టింది. ముప్పై అయిదేళ్ళకు పైగా పంతులు ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి, పచ్చిమట్టి మీద నాలుగు అక్షరాలు గీయడం నాకొక లెక్కా? కానీ చెయ్యి కదలలేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చూసుకుని వస్తానని చెప్పి లేచిపోయాను. జోడు నా ముక్కు మీదే ఉంది.

అరవైల మొదటి సంవత్సరాల మాట. నాయుడుపేటలో మా నాన్న రేకుపెట్టెలు చేసి అమ్మేవారు. వాటిలో సొట్ట పడి ఎవరూ కొనని పెట్టె ఒకటి నాకిచ్చి, పంతులు ట్రైనింగు అయిన నన్ను మొదటి ఉద్యోగానికి సాగనంపారు. వాకాడు దాటి, బకింగ్‌హాం కాలువను పడవలో దాటి, అక్కడి నుంచి ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పోతే సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం ఒకటుంది. తాటాకుల బడి, పద్నాలుగు మంది పిల్లలు, నేనొక్కణ్ణే పంతుల్ని. ఊరు మొత్తానికి సాయిబును కూడా నేనొక్కణ్ణే. సాయిబులకు తాయెత్తు కట్టడం వచ్చునన్నది ఆ ఊరివాళ్ళ గట్టి నమ్మకం. చంటిపిల్లలకు దిష్టి తగిలిందనీ, వల ఖాళీగా వస్తోందనీ నా దగ్గరికి వచ్చేవారు. నాకు రాదని మొత్తుకుంటే, వచ్చినవాళ్ళెవరూ వచ్చని చెప్పరుగదా అని నవ్వుకుంటూ పోయేవారు. నేనూ నవ్వుకునేవాణ్ణి, ఆ నమ్మకం ఏ రోజుకారోజు బలపడుతోందని తెలియక.

బడి పక్క గుడిసెలో ఒక అవ్వ ఉండేది. తల్లీ తండ్రీ లేని మనవరాలిని రెక్కల కష్టం మీద పెంచుకుంటూ ఉండేది. ఆ పిల్ల మూడో తరగతి, ఒకచోట నిలవని మనిషి. వంట చేతకాని నన్ను చూసి జాలిపడి ఆ అవ్వ రోజూ పొద్దున ఒక గిన్నెలో చేపల పులుసు పంపేది. మా అమ్మ తర్వాత నాకు అడగకుండా అన్నం పెట్టిన మనిషి ఆమే.

పుస్తకంలో ఈజిప్టు గురించి అర పేజీ పాఠమూ, ఒక పిరమిడ్ బొమ్మా ఉండేవి. రాజుల పేర్లు బట్టీ పట్టిస్తే ఈ పిల్లలకేం ఒరుగుతుందని, ట్రైనింగులో చదివినవన్నీ గుర్తు తెచ్చుకుని అక్కడి మామూలు మనుషుల బతుకు చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళూ పడవల మీద పోయి వలలు వేసేవాళ్ళనీ, చేపలు కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టేవాళ్ళనీ, మగవాళ్ళు కూడా కళ్ళకు కాటుక పెట్టుకునేవాళ్ళనీ, రొట్టెల్లో ఇసుక కలిసి పళ్ళు అరిగిపోయేవనీ చెబుతుంటే, అన్నంలో ఇసుక లేని పూట ఎరగని నా పిల్లలు విరగబడి నవ్వారు. చచ్చిపోయిన దొరకు పైలోకంలో పనులు చేసిపెట్టడానికి మట్టిబొమ్మలు చేసి సమాధిలో పెట్టేవారన్న మాట వాళ్ళకు మరీ నచ్చింది. మనమూ చేద్దామన్నారు. సరేనన్నాను.

కాలువ గట్టు నుంచి బంకమట్టి తెచ్చాం. ముందుగా నేనొకటి చేసి చూపించాను. దాని ముక్కు మరీ పెద్దదైందని పిల్లలు రెండు రోజులు నవ్వారు. తరువాత ఎవరి బొమ్మ వాళ్ళు చేసి పసుపూ, కావిరంగూ, బొగ్గుపొడీ పూశారు. ఎవరిది ఏదో తెలియకపోతే మార్కులెలా వేయడం? అందుకని నా బొమ్మ అడుగున నా పేరు రాసి చూపించి, వాళ్ళవాళ్ళ పేర్లు వాళ్ళచేత రాయించాను. నాలుగు బియ్యపు గింజలూ, రెండు ఎండు నెత్తళ్ళూ జతచేసి, సరుగుడు తోపు పక్క ఇసుకలో ఎవరి బొమ్మను వాళ్ళకు నచ్చిన చోట పాతిపెట్టమన్నాను. వారం తర్వాత తవ్వి తీయాలి, అదీ పాఠమే. ఆ రోజు అమావాస్య అన్న సంగతి నాకు పట్టనే లేదు.

మన తరంవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పేరు రాసిన బొమ్మ, పసుపు, ఎరుపు, నలుపు, అమావాస్య, పాతిపెట్టడం. చేతబడి చేసేవాడు కూడా ఇంత శ్రద్ధగా చేసి ఉండడు.

రెండో రోజున అవ్వ మనవరాలికి చలిజ్వరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున నేను బడి తలుపు తీసేసరికి పులుసు గిన్నె రాలేదు, పిల్లలు రాలేదు, ఊరంతా వచ్చింది. మగవాళ్ళ చేతుల్లో తెడ్లు ఉన్నాయి. పిల్ల కళ్ళు తేలవేస్తోందనీ, పిలిస్తే పలకడం లేదనీ చెప్పారు. వాకాట్లో డాక్టరు గారున్నారు, వెంటనే తీసుకుపోదాం పదండని నేను చెప్పులు వేసుకోబోయాను. ఎవరూ కదలలేదు. బొమ్మ మట్టిలో ఉండగా పిల్లను కాలువ దాటిస్తే ప్రాణం ఇటు ఒడ్డునే నిలిచిపోతుందట. నేను చెప్పిన ఈజిప్టు సంగతులేవీ వాళ్ళ చెవికెక్కలేదు.

అవ్వ తిట్టలేదు, ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "అయ్యోరా, నేను నీకేం తక్కువ జేసినా? నా బిడ్డ బొమ్మ ఏడుండాదో తీసిచ్చెయ్ నాయనా," అంది.

ఆ మాటకంటే వెనకనుంచి ఎవరో అన్న మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. "దొరక్కపోతే పళ్ళు రాలగొట్టాల్సిందే. మంతరం నోట్లోంచి రాకూడదు గదా." అలా పళ్ళు పోగొట్టుకున్న మనిషిని నేను చిన్నప్పుడు నాయుడుపేట సంతలో చూశాను. అంబలి తాగుతూ ఉండేవాడు.

తవ్వాను. పిల్లలను పిలిపించి ఎవరు ఎక్కడ పాతారో అడుగుతూ, గోళ్ళు చిట్లేదాకా తవ్వాను. సముద్రపు గాలికి ఇసుక ఒకచోట నిలుస్తుందా, గుర్తుకు పెట్టిన పుల్లలన్నీ ఎప్పుడో కొట్టుకుపోయాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పదమూడు బొమ్మలు దొరికాయి. పద్నాలుగోది ఆ పిల్లది. ఎవరికీ దొరకకూడదని ఎవరూ చూడకుండా పాతిందట. ఎక్కడో చెప్పగలిగిన నోరు గుడిసెలో మూలుగుతోంది. అప్పుడు నాకు పట్టుకున్న భయం తెడ్లను చూసి కాదు. ఆ ఇసుకను చూస్తూ, నిజంగానే నేనేదో చేశానేమో, ఆ పిల్ల పేరు ఈ కిందెక్కడో ఉన్నంతసేపూ జ్వరం దిగదేమో అనిపించింది. చదువుకున్నవాణ్ణి, అయినా అనిపించింది.

దాహమని చెప్పి బడిలోకి వెళ్ళాను. అటక మీద, పాతకుండా వదిలేసిన నా పెద్దముక్కు బొమ్మ ఎండిపోయి కూర్చుని ఉంది. నల్లబల్లకు కొట్టిన మేకు ఊడబీకి, బొమ్మ అడుగున నా పేరు గీకేసి, ఆ పిల్ల పేరు గీశాను. గీస్తున్నంతసేపూ అమ్మ నేర్పిన దువా చదువుకుంటూనే ఉన్నాను. బొమ్మను చొక్కాలోకి తోసుకుని బయటికి వచ్చి, మళ్ళీ తవ్వి, దొరికిందన్నాను.

అవ్వకు చదువు రాదు. బొమ్మను తిప్పి పక్కనే ఉన్న నాలుగో తరగతి పిల్ల చేతికిచ్చి చదవమంది. ఆ పిల్ల బొమ్మ ముక్కు చూసింది, నా ముఖం చూసింది. రెండు రోజులు అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆ పిల్లే. ఆ పిల్ల అడుగున రాసిన పేరును ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, నేను నేర్పినట్టే గట్టిగా చదివింది.

అవ్వ ఆ బొమ్మను తీసుకుపోయి అలల్లో కరిగించింది. వెంటనే పిల్లను మంచం మీద కాలువ దాటించాం. డాక్టరు గారు ఇంజెక్షన్లు ఇచ్చి, ఇంకొక్క రోజు ఆగి తెచ్చి ఉంటే నేనేం చేయలేకపోయేవాణ్ణని చెప్పారు. పది రోజులకు పిల్ల లేచి తిరిగింది, పులుసు గిన్నె మళ్ళీ వచ్చింది, ఊళ్ళో నా పరపతి మునుపటికన్నా పెరిగింది. ఆ పరపతి నాకు ముల్లులా గుచ్చుకునేది.

కోలుకున్నాక ఆ పిల్లను చాటుగా పిలిచి అసలు బొమ్మ ఎక్కడని అడిగాను. చెయ్యి పట్టుకుని తోపు చివరికి తీసుకుపోయి, ఇక్కడే, కాదు అక్కడ, అంటూ నవ్వింది. ఇద్దరం తవ్వాం. దొరకలేదు. ఆ తరువాత రెండేళ్ళు, బదిలీ అయ్యేదాకా, సెలవు రోజుల్లో నేనొక్కణ్ణే పోయి తవ్వుతూ ఉండేవాణ్ణి. ఎవరైనా అడిగితే గవ్వలకని చెప్పేవాణ్ణి.

అరవై ఏళ్ళు దాటాయి. అవ్వ ఎప్పుడో పోయింది. కాలువ మీద వంతెన పడింది, పడవ కోసం గంటలు కాచుకున్న చోట ఇప్పుడు బండి ఆపేవాడే లేడు. ఆ సరుగుడు తోపును సముద్రం తినేసిందని విన్నాను. నేటి పిల్లలు తమ పేరు గోడ మీదా, సంచి మీదా, ఫోను మీదా రాసుకుని ఎక్కడంటే అక్కడ పారేసి వస్తారు, ఎవరి గుండే దడదడలాడదు. మంచిదే. కానీ వాకాడు వైపు మనిషి ఎవరు కనబడినా, ఎండల గురించో వానల గురించో మాట్లాడి, చివరికి ఆ పిల్ల బాగుందా అని నేను అడక్కుండా ఉండలేను. ఆ పిల్లకిప్పుడు మనవలు, మోకాళ్ళ నొప్పులు. బాగుందన్నమాట విన్న రోజున నాకు నిద్ర పడుతుంది.

సాయంత్రం మా మనవరాలు మళ్ళీ బొమ్మతో వచ్చింది. సూది తీసుకుని, అడుగున నా పేరు రాసిచ్చాను. పిల్ల తిప్పి చూసి, "ఇట్టా రాస్తే మార్కులు నీకేస్తారు తాతా," అంది.

వేయనీలే అన్నాను.